ఎవరి నక్షా, ఎవరి చెల్క

పాలమూరు, నల్లగొండ చెల్కల్లో ఒకప్పుడు ఆముదం వేయని రైతు అరుదు. ఎర్రనేలను, నమ్మకం లేని వానను తట్టుకొని చేతికి నాలుగు రూపాయలు తెచ్చే పంట అది. ఇవాళ దేశపు ఆముదంలో సింహభాగం గుజరాత్‌ది. ఇక్కడ ఆ చోటును పత్తి, మొక్కజొన్న, కాలువ పారిన చోట వరి ఆక్రమించాయి. ఎందుకిలా అయిందని నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం పరిశోధన స్థానానికి దగ్గర్లో ఉండే అరవై దాటిన ఒక రైతును అడిగితే, ధర సంగతి కంటే ముందు కాయకుళ్ళు తెగులు పేరు చెబుతాడు. గెల కాయ కట్టే వేళకు ముసురు పడితే బొట్రైటిస్ అనే బూజు అల్లుకుంటుంది. కాయలు మెత్తబడి, కుళ్ళి రాలిపోతాయి. 1987లో అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆముదాన్ని ఊడ్చిపెట్టినంత పని చేసింది. పూర్తిగా తట్టుకొనే రకం నేటికీ రాలేదు. జ్వాల అని పిలిచే 48-1 వంటివి కొంత నిలబడతాయి, అంతే.

ఆ రైతు మేనకోడలు హైదరాబాద్‌లో మొక్కల జన్యుక్రమాలను కంప్యూటర్ మీద విశ్లేషిస్తుంది. పంట డీఎన్ఏలో ఎక్కడ కోత పెడితే కోరిన మార్పు వస్తుందో, అనుకోని చోట కోత పడకుండా ఏం చూసుకోవాలో లెక్కకట్టడం ఆమె పని. దసరాకు ఆమె ఊరికి వచ్చినప్పుడు వాదన ఆముదం దగ్గరే మొదలైంది.

"మీ కంప్యూటర్ల కాయకుళ్ళుకు ఏమన్న ఉపాయం దొరికిందా బిడ్డా?"

"ఉపాయం ఇంకా దొరకలే మామా. కానీ వెతికే చోటు ఉన్నది. ఆముదం జన్యుక్రమాన్ని 2010లనే చదివిన్రు. సుమారు 35 కోట్ల అక్షరాలు, 31 వేల పైచిలుకు జన్యువులు. అంతా ఇంటర్నెట్ల ఉన్నది, ఎవరన్న పైస కట్టకుండ చూడొచ్చు."

"ఎవరి ఆముదం అది?"

"అమెరికాల సాగుచేసే రకం. హేల్ అంటరు."

"అంటే పక్కూరి నక్షా పట్టుకొచ్చి నా చెల్కకు హద్దురాళ్ళు పాతుతున్నరన్నట్టు."

ఆమె వెంటనే కొట్టిపారేయలేకపోయింది, ఎందుకంటే మామ పట్టుకున్నది ఈ విద్యలోని అసలు చిక్కునే. క్రిస్పర్ పద్ధతిలో డీఎన్ఏను కోసే క్యాస్9 ప్రొటీన్‌కు దారి చూపేది గైడ్ ఆర్ఎన్ఏ. అందులో 20 అక్షరాల వరుస ఒకటి ఉంటుంది. ఆ వరుస సరిపోయిన చోటే కోత. అదీ, ఆ 20 అక్షరాల పక్కన డీఎన్ఏలో ఏదో ఒక అక్షరం, దాని వెంట రెండు జీలు ఉంటేనే. హేల్ రకంలో ఆ రెండు జీలు ఉన్న చోట మన రకంలో ఒకటి ఏగా మారి ఉంటే ప్రొటీన్ అక్కడ ఆగదు, ఏడాది కష్టం వృథా. దీనికి తిరగేసిన సంగతి ఇంకా ప్రమాదం. హేల్‌లో లేని పోలిక మన రకంలో మరెక్కడో ఉంటే కంప్యూటర్‌కు అది కనబడదు. కత్తి మాత్రం అక్కడ కూడా పడవచ్చు. దక్షిణ కొరియాలో తయారైన క్యాస్-ఆఫ్‌ఫైండర్, చైనాలో తయారైన క్రిస్పర్-పి, రెండూ 2014లో వచ్చిన మంచి సాధనాలే. అవి తమకు ఇచ్చిన జన్యుక్రమంలోనే వెతుకుతాయి. ఇవ్వని దాన్ని ఊహించలేవు.

"అందుకే మన రకాలను కూడా చదవాలంటున్న," అంది మేనకోడలు. "ఇప్పుడు ఒక రకం డీఎన్ఏ చదివించుడు 2010ల లెక్క ఖర్చు కాదు. 2021ల చైనావాళ్ళు ఆఫ్రికా అడవి ఆముదాన్ని మొదలు నుంచి చివరి దాకా కూర్చిన్రు, దేశదేశాల నుంచి 505 నమూనాలు దానితోటి పోల్చిచూసిన్రు. గింజ ఎందుకు పెద్దగైంది, నూనె ఎందుకు పెరిగింది అనేటియి అందుల నుంచే తేలినయ్."

"గింజ, నూనె సరే. ఆశ్వయుజ ముసురుల నిలబడ్డ గెల ఏదో ఆ 505ల రాసి పెట్టిన్రా? రాయకుంటే నాకు ఆ లెక్క దేనికి?"

ఈ ప్రశ్న విని ఎవరైనా కాసేపు ఆగాల్సిందే. జన్యుక్రమం అంటే అక్షరాల వరుస మాత్రమే. ఏ అక్షరం ఏ గుణాన్ని నడిపిస్తుందో తెలియాలంటే, అదే మొక్కను చేలో పెట్టి, వానలో తడిపి, తెగులు సోకించి, ఏది పడిపోయింది, ఏది నిలిచింది అని ఏళ్ళ తరబడి రాసుకోవాలి. మన పంటల్లో ఎన్నో జన్యువులకు ఇచ్చిన పనిపేర్లు అరాబిడాప్సిస్ అనే ఆవ కుటుంబపు చిన్న కలుపుమొక్కలో కనుక్కున్న వాటితో పోలిక చూసి పెట్టినవే. ఆ పోలిక చాలాసార్లు నిజమవుతుంది. నిజమవుతుందో లేదో తేల్చాల్సింది పొలమే, అందుకు పాలెం లాంటి స్థానాల్లోని పాత రికార్డు పుస్తకాలు ఏ అంతర్జాతీయ డేటా నిలయానికీ తీసిపోవు. వాటిని కంప్యూటర్‌కు ఎక్కించే పనికి నిధులు అడిగేవారే తక్కువ.

మేనకోడలు మరో వైపు నుంచి వచ్చింది. "ఆ 2010 నక్షా మనది కాదు, ఒప్పుకుంట. అయినా అది లేకుంటే ఒక సంగతి బయటపడేదే కాదు. ఆముదం చెక్కను పశువులకు ఎందుకు పెట్టం?"

"పెడితే చస్తయ్ గదా. ఎరువుకే చల్లుతం."

"ఆ విషం రిసిన్. దానికి ఒక్కటే జన్యువు ఉంటదేమో అనుకుంటం. చదివి చూస్తే దాని కుటుంబంల 28 దొరికినయ్. ఒక్కటి కోస్తే లాభం లేదు. అన్నిట్ల ఒకేలా ఉన్న ముక్క ఏదో చూసి, ఆ ముక్క వేరే మంచి జన్యువుల లేదని రూఢి చేసుకొని, అప్పుడు గైడ్ రాయాలె. ఈ పని కండ్లతోటి కాదు, డేటాతోటే అయితది. బ్రెజిల్‌ల 2017ల వేరే పద్ధతితోటి రిసిన్ దాదాపు లేని ఆముదం చేసి చూపించిన్రు. ఆ చెక్క పశువుకు పెట్టే రోజు వస్తే నీ పంటకు రెండో ఆదాయం గాదా?"

"వస్తే మంచిదే. మరి ఇంకా ఎందుకు రాలే?"

ఆమె దాచలేదు. ఆముదం, కంది రెండూ టిష్యూ కల్చర్‌కు లొంగని మొండి పంటలు. కత్తి పెట్టిన కణం నుంచి మళ్ళీ పూర్తి మొక్కను లేపడమే వీటిలో పెద్ద గండం. రాజేంద్రనగర్‌లోని భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ వంటి చోట్ల ఏళ్ళుగా దీని మీదే కుస్తీ. కాగితం మీద గైడ్ ఎంత చక్కగా కుదిరినా మొక్క లేవకపోతే ఆ పని అక్కడే ఆగిపోతుంది.

కంది మాట రాగానే ఆమె గొంతులో ధీమా పెరిగింది. కంది విషయంలో నక్షా పక్కూరిది కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో రాజీవ్ వార్ష్నేయ నాయకత్వంలో అనేక దేశాల శాస్త్రవేత్తలు 2011లో వెలువరించిన జన్యుక్రమం ఆశ అనే మన రకానిది. ఎండు తెగులును, వెర్రి తెగులును తట్టుకుంటుందని తెలుగు రైతు ఏనాడో ఎరిగిన ఐసీపీఎల్ 87119 అదే. అదే కాలంలో ఢిల్లీలో నాగేంద్ర సింగ్ బృందం కూడా ఆశనే చదివింది. 48,680 జన్యువులు ఉంటాయని ఇక్రిశాట్ బృందం అంచనా.

"ఆశ నేను కూడా వేసిన," అన్నాడు మామ. "దాన్ని పూర్తిగ చదివిన్రా?"

"అప్పుడు దాదాపు 73 శాతం. తర్వాత మెరుగైనయి వచ్చినయ్."

"నాలుగో వంతు తెల్లకాగితం పెట్టుకొని ఇక్కడ కోస్త, అక్కడ కోత పడదు అని ఎట్ల చెప్తరు?"

"అందుకే ఎడిటింగ్ చేసినంక మొక్క మొత్తాన్ని మళ్ళ చదివిస్తరు మామా. కాగితం మీద చెప్పింది మొక్కల జరిగిందా లేదా అని. అయినా పాలెంల వచ్చిన నీ పీఆర్‌జీ 176 కంది ఎట్ల వచ్చింది? సంకరం చేసి, ఏరి, ఏరి. సంకరంల ఎన్ని వేల జన్యువులు కలిసిపోతయ్! అప్పుడు ఎవ్వరు ఏ అక్షరం ఎక్కడ మారిందని అడగలే."

"అడగలే, ఎందుకంటే అది మా కండ్ల ముందట పదేండ్లు పెరిగింది."

వరి దగ్గరికి వచ్చేసరికి వాదన వేడెక్కింది. మిర్యాలగూడ వైపు, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మేనకోడలి నాన్నకు సాంబ మసూరి పొలం ఉంది. బాపట్ల నుంచి 1986లో వచ్చిన ఈ బీపీటీ 5204ను తీసుకొని రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ జన్యువును సవరించి డీఆర్ఆర్ ధాన్ 100, అంటే కమల, తయారుచేసింది. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ దాన్ని ప్రకటించారు. ఎంటీయూ 1010 నుంచి ఢిల్లీలో చేసిన పూసా డీఎస్టీ రైస్ 1 కూడా అదే రోజు వచ్చింది. పూర్వరూపాలు రెండూ ఆంధ్ర నేల మీద పుట్టిన రకాలే.

కమల వెనుక ఉన్న డేటా గొలుసు చూడదగింది. కమలలో సవరించిన, వెన్నులో గింజల సంఖ్యను అదుపు చేసే జీఎన్1ఏ అనే జన్యువును 2005లో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. అది పనిచేస్తే సైటోకైనిన్ అనే హార్మోను కరిగిపోతుంది. దాన్ని ఆపితే హార్మోను నిలిచి గింజలు పెరుగుతాయి. అదే 2005లో నిప్పన్‌బరే అనే జపాన్ వరి జన్యుక్రమం పూర్తయింది. ఆ అంతర్జాతీయ పనిలో 11వ క్రోమోజోము చదవడంలో భారత శాస్త్రవేత్తలు పాలుపంచుకున్నారు. 2014 నాటికి 89 దేశాల నుంచి తెచ్చిన మూడు వేల వరి రకాల డీఎన్ఏ ఎవరైనా చూసుకొనేలా బయటికి వచ్చింది. ఫలానా చోట అక్షరాలు రకరకానికీ ఎంత మారుతున్నాయో చూసే వీలు దానితో కలిగింది. పప్పుధాన్యాలకు, ఆముదానికి ఇంత దట్టమైన సమాచారం ఉండి ఉంటే కథ వేరుగా ఉండేది. వరిలో ముందడుగు పడిందంటే కత్తి వరికి బాగా తెగుతుందని కాదు, వరిని ప్రపంచం ఎక్కువగా చదివిందని.

"సాంబ కంటే 20 రోజులు ముందు కోతకొస్తది. హెక్టారుకు సాంబ 4.5 టన్నులు ఇస్తే ఇది సగటున 5.37 ఇస్తదని సంస్థ చెప్పింది. 20 రోజులంటే సాగర్ నీళ్ళు ఎంత మిగులుతయో నాన్నకు తెలుసు," అంది ఆమె.

"చెప్పిన్రు. అదే ఏడు అక్టోబరుల ఆ అంకెలే తప్పుడువని జీఎం రహిత భారత్ కూటమి పేపర్లకు ఎక్కలేదా?"

"ఎక్కింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి, ఐసీఏఆర్, ఆ ఆరోపణను కొట్టేసింది. కానీ ఒకటి గమనించు. వాళ్ళు లేవనెత్తిన అంకెలు అఖిల భారత వరి ప్రాజెక్టు సొంత వార్షిక నివేదికలయే. అవి బయట ఉన్నయ్ కాబట్టే అడగగలిగిన్రు."

"నేను అనేది గదే బిడ్డా. బయట ఉన్నయ్ సగమే. ఏ ఊర్ల, ఏ నేలల, ఏ వానకు ఎంత పండింది, ప్రతి మడి లెక్క నాకు కనబడాలె. విత్తనం కొనేది నేను, నష్టపోతే అప్పు కట్టేది నేను. జన్యువు అక్షరం అక్షరం ఇంటర్నెట్ల పెడతరు, పొలం లెక్క మటుకు సగటు కట్టి చెప్తరు. ఇది ఏం న్యాయం?"

ఈ చోట రైతు మాటకే బలం ఎక్కువ. సగటు దిగుబడి ఏ రైతుకూ పండదు. ఎర్ర చెల్కలో బోరు కింద నాటిన మడికీ, నల్లరేగడి కాలువ మడికీ ఒకే అంకె వర్తించదు. అక్షరం స్థాయిలో ఖచ్చితత్వం కోరే శాస్త్రం పొలం స్థాయిలో సగటుతో సరిపెట్టుకోవడం తగదు. అలాగని దాపరికమంతా కుట్రే అనడానికీ లేదు. మడి మడి లెక్కలను ఒకే తీరుగా రాసి దాచే అలవాటు మన పరిశోధన కేంద్రాల్లో ఆలస్యంగా మొదలైంది. జీవశాస్త్ర డేటా కోసం ఫరీదాబాద్‌లో జాతీయ నిలయం, ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్, ఏర్పడిందే 2022 నవంబరులో.

మేనకోడలు మరో ఉదాహరణ తీసింది. సాగర్ ఆయకట్టులో వరికి పాత శత్రువు బ్యాక్టీరియా ఎండాకు తెగులు. దాని మీద రాజేంద్రనగర్ వరి సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) కలిసి మూడు నిరోధక జన్యువులను సంకరంతో చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరి ఇచ్చాయి. ఎడిటింగ్ వాళ్ళు వేరే దారి పట్టారు. ఈ బ్యాక్టీరియా వరిలోని స్వీట్ జన్యువులను బలవంతంగా తెరిపించి చక్కెర తాగుతుంది. అది అతుక్కొనే చోట కొన్ని అక్షరాలు మారిస్తే పట్టు దొరకదు. ఏ అక్షరాలు మార్చాలి? దానికి వరి జన్యుక్రమం ఒక్కటే చాలదు. అందుకే 2019లో ఈ పని చేసిన అంతర్జాతీయ బృందం ముందుగా 63 బ్యాక్టీరియా తెగల డీఎన్ఏ చూసి, అవి ఏయే చోట్ల అతుక్కుంటాయో తేల్చుకొని, ఆ తర్వాతే ఐఆర్ 64 వంటి రకాల్లో మూడు స్వీట్ జన్యువులను సవరించింది.

"అంటే శత్రువు లెక్క కూడా కావాలె," అన్నాడు మామ. "అది ఏటేట మారుతది. గులాబీ పురుగు మాకు నేర్పింది గదే."

పత్తి ప్రస్తావన తప్పించుకోలేనిది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది, 2006లో బోల్‌గార్డ్ 2 వచ్చింది. పదేళ్ళు తిరక్కముందే గులాబీ రంగు పురుగు దానికి అలవాటుపడింది. గద్వాల చుట్టూ చాలా ఊర్లు కంపెనీల కోసం పత్తి విత్తనం పండించేవే. మామ కూడా కొన్నేళ్ళు అటు వెళ్ళి విత్తన పత్తి చేశాడు. ఆడ, మగ మొక్కల తల్లి విత్తనం ఎవరిదో, అందులో ఏముందో చేను చేసినవాడికి చెప్పేవారు కాదు.

"బీటీ వేరు మామా. అది బయటి బ్యాక్టీరియా జన్యువు తెచ్చి పెట్టుడు. కమలల బయటి డీఎన్ఏ లేదు. అందుకే 2022 మార్చి 30న కేంద్ర పర్యావరణ శాఖ ఇటువంటి మార్పులను 1989 నాటి జీఎం నిబంధనల కొన్నిట్ల నుంచి మినహాయించింది."

"బయటిది లేదు సరే. కత్తి ఎవరిది?"

కత్తి మీద పేటెంట్లున్నాయి. క్రిస్పర్-క్యాస్9 వ్యవసాయ హక్కులు ప్రధానంగా అమెరికాలోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్, కోర్టెవా కంపెనీల చేతిలో ఉన్నాయి. కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో కుతుబుద్దీన్ మొల్లా బృందం టీఎన్‌పీబీ అనే మరో చిన్న ప్రొటీన్‌తో వరిని ఎడిట్ చేసి 2024లో చూపించింది. మన కత్తి మనకు ఉండాలన్న పట్టుదల అందులో ఉంది. అయితే మామ మనసులో ఉన్నది కత్తి ఒక్కటే కాదు.

"కత్తి సంగతి అట్లుంచు. గింజ తీసుకపోతే ఇదివరకు అడిగేటోడు ఉండె. ఇప్పుడు గింజ అక్కర్లేదు, అక్షరాలు చాలు. నా ఇంటి ఆముదం అక్షరాలు ఇంటర్నెట్లకు పోయినంక దాన్ని చూసి ఎవడో ఏదో చేస్తడు. నాకేం వస్తది?"

ఇది ఊరి రైతు ఒక్కడి భయం కాదు. 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒప్పందపు 11వ సదస్సు హైదరాబాద్‌లోనే జరిగింది. అప్పటి నుంచి పదేళ్ళలో చర్చ విత్తనం నుంచి డిజిటల్ జన్యుక్రమానికి జరిగింది. ఆ డేటాతో లాభపడే కంపెనీలు తమ ఆదాయంలో కొంత ఇచ్చేలా 2025 ఫిబ్రవరిలో కాలీ ఫండ్ ప్రారంభమైంది. ఇవ్వడం ఇప్పటికైతే స్వచ్ఛందం. పటాన్‌చెరు జన్యునిధిలో కాపాడుతున్న లక్షకు పైగా నమూనాల్లో తెలంగాణ చెల్కల కంది, జొన్న, పల్లి ఉన్నాయి. వాటిని కాపాడుతూ వచ్చిన ఊర్లకు ఆ డబ్బు ఏ దారిన చేరుతుందో ఇంకా తేలాల్సి ఉంది.

మేనకోడలు ఈసారి ఎదురు చెప్పలేదు, పక్కకు తిప్పింది. "డేటా అంటే ఎడిటింగ్ కోసమే అనుకుంటున్నవ్ నువ్వు. వనపర్తి మార్కెట్ల పల్లి అమ్ముతవు గదా, గిర్నార్ 4, గిర్నార్ 5 పేరు విన్నవా?"

విన్నాడు. నూనె త్వరగా ముక్కిపోని, ఓలిక్ ఆమ్లం 80 శాతం దాకా ఉండే ఈ వేరుశనగలను ఇక్రిశాట్, జునాగఢ్ వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి తెచ్చాయి. వేరుశనగలో రెండు అడవి జాతుల జన్యుసముదాయాలు జతగా ఉంటాయి, కాబట్టి ఎఫ్ఏడీ2 అనే జన్యువు కూడా రెండు జాగాల్లో ఉంటుంది. రెండూ ఆగితేనే ఓలిక్ పెరుగుతుంది. గిర్నార్ రకాల్లో ఏ ఎడిటింగూ లేదు. రెండు చోట్లా మార్పు ఉన్న మొక్కలను డీఎన్ఏ గుర్తులతో ఏరి సంకరం చేశారు. ఆ రెండు జాగాల అక్షరాలు ముందే తెలియడం వల్లే అది సాధ్యమైంది.

"చూసినవా? కత్తి పెట్టకున్నా నక్షా పనికొచ్చింది."

"అట్లయితే కత్తి ఎందుకు పెడుతున్నరు?" అని మామ నవ్వాడు. మేనకోడలికి నవ్వు రాలేదు. "కాయకుళ్ళుకు నిలబడే జన్యువు ఏ ఆముదంలనూ పూర్తిగ దొరకకుంటే సంకరం దేనితో చేస్తవు మామా? అప్పుడు కత్తే దిక్కు. కానీ ఏది కోయాల్నో తెలియాలంటే ముందుగాల నీ చెల్కల నిలబడ్డ మొక్కలను చదవాలె. ఇంటి ముందట, కట్ట మీద నువ్వు ఉంచుకున్న ఆ పాత పెద్ద ఆముదం, ముసురుకు కూడా కాయ నిలిపే చెట్టు, దాని గింజలు నాకు ఇయ్యి."

మామ వెంటనే ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. రైతు రకాలను 2001 నాటి మొక్కరకాల, రైతుహక్కుల చట్టం కింద నమోదు చేయించుకోవచ్చని, రైతుకు రుసుము ఉండదని ఆయనకు తెలుసు. వ్యవసాయ శాఖ సభలో విన్నాడు.

"ముందు దాన్ని మా ఊరి పేరు మీద నమోదు చెయ్యాలె. అటెన్క చదువుకో."

"నమోదుకు ఏండ్లు పడతది. ఈ వానాకాలం తెగులు చూసుకోకుంటే ఇంకో ఏడాది పోతది."

"పోతే పోనియ్యి. 1987 నుంచి ఎన్ని ఏండ్లు పోలే?"

"అయితే ఇట్ల చేద్దాం. దరఖాస్తు నేను నింపుత. గింజలు రెండు పొట్లాలు కట్టు. ఒకటి పాలెంల పెడదాం, ఎవరన్న అడిగితే అక్కడి లెక్క ఉంటది. రెండోది నా దగ్గర ఉంటది, నమోదు అయ్యేదాకా అక్షరాలు బయట పెట్టను. కానీ కాయకుళ్ళు లెక్క మటుకు ఈ ఏడు నుంచే నువ్వు రాయాలె. ఏ గెల, ఏ తేదీ, ఎంత వాన, ఎన్ని కాయలు పోయినయ్. సగటు కాదు, ప్రతి గెల."

"రాస్త. మరి కమల సంగతి?"

"కమల విషయంల నేను నీతో ఒప్పుకుంటలేను మామా. ఆ మడి లెక్కలన్నీ బయట పెట్టాలని మటుకు నీతో పాటు నేను కూడా అడుగుత."